పూసలు లేని ఆరు ఆటలు

బోర్డు ఆటలు అచ్చువేసే ఆ పెద్దమనిషి ఇప్పటిదాకా నాలుగు ఆటలు తెచ్చాడు. అందులో మూడు ఒకటే ఆట. మొదటి పెట్టె మీద ఓడలు, రెండో దాని మీద కోటలు, మూడో దాని మీద రాకెట్లు. లోపల మాత్రం అవే పాచికలు, అదే పరుగు. నాలుగోది ఎవరూ కొనలేదు కాబట్టి అందులో ఏముందో ఆయనకే తెలియాలి. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

అలాంటి వాడి ముందు చేతులు కట్టుకుని కూర్చోవాల్సి వచ్చినందుకు ఆమెకు ఒళ్ళు మండుతోంది. సర్వే ఆఫీసులో పగలంతా మ్యాపులు గీసి, సాయంత్రాలు మూడేళ్ళపాటు ధారపోసి తయారుచేసిన ఆట అది. ఒక జలాశయం, నాలుగు పొలాలు, నీళ్ళకు గుర్తుగా అరవై నీలం పూసలు. మొదటి సగంలో ఎవరికి దొరికినంత వాళ్ళు తోడుకుంటారు. రెండో సగంలో నీళ్ళు అడుగంటుతాయి, తోడుకున్నవాళ్ళే పక్కవాళ్ళను బతిమాలాలి. ఆట ప్రాణమంతా అక్కడే ఉంది. మరో ఇద్దరు ప్రచురణకర్తలు ఆమె ఉత్తరాలకు జవాబైనా ఇవ్వలేదు. ఇక మిగిలింది ఈయనే. ఉన్న ఒక్క ప్రతినీ, ఆటంతా వివరిస్తూ రాసిన ఉత్తరంతో సహా, మూడు వారాల కిందట ఈయనకే కొరియర్లో పంపింది.

“ఆరుసార్లు ఆడామమ్మా,” అన్నాడాయన కుర్చీలో వెనక్కి వాలి. “ఇంటిల్లిపాదీ కూర్చున్నాం. మొదటి సగం బాగుంది. రెండోదే సాగుతోంది. నీళ్ళు అయిపోవడం, ఒకళ్ళనొకళ్ళు బతిమాలుకోవడం... ఎవడిక్కావాలమ్మా ఈ ఏడుపు? తీసిపారెయ్.”

ఆమె నోటుబుక్కులో బుద్ధిగా రాసుకుంది: రెండో సగం తీసెయ్యాలి.

“ఇంకోటి. ఆలోచన నీదే, కాదనను. మెరుగులు దిద్దేది మేమే కదా! పెట్టె మీద పైన నా పేరు, కింద నీది.”

“సరేనండి” అందామె. ఆయన ఒప్పందం కాగితం ముందుకు జరిపాడు. ఆమె పెన్ను మూత తీసింది.

ఏ భాగం కొయ్యాలో చూపిద్దామని ఆయన పెట్టె తెరిచాడు. బోర్డు ఉంది, పాచికలున్నాయి, నియమాల పుస్తకం మడత నలగకుండా ఉంది. ఆకుపచ్చ గుడ్డ సంచి మాత్రం లేదు. అరవై పూసలూ ఆ సంచిలోనే ఉంటాయి. అవి లేకపోతే ఆటలో మొదటి ఎత్తు కూడా వెయ్యలేరు.

ఎక్కడ పోగొట్టాడో అని అడగబోయి ఆగిపోయింది. తమ ఇంట్లో అత్తగారు పెట్టిన నియమం ఒకటుంది: ఓడినవాళ్ళు మళ్ళీ ఆడేదాకా సంచి తమ దగ్గరే ఉంచుకోవాలి, అదే శిక్ష. పెట్టె పంపే ముందురోజు “ఒక్క ఆటే” అని కూర్చుని ఓడిపోయిన అత్తగారు మూతి ముడుచుకుని సంచిని దిండు కింద పెట్టుకున్నారు. మర్నాడు హడావుడిలో తను చూసుకోకుండానే పెట్టెకు టేపు వేసేసింది.

“పూసలు చేతికి ఎలా అనిపించాయండీ?” అని మెల్లగా అడిగింది.

“భేషుగ్గా ఉన్నాయి. కాకపోతే మరీ ఎక్కువ. సగం చాలు. మా ఆవిడ కూడా అదే మాటంది.”

నోరు తెరిస్తే అబద్ధమాడే మనిషి కళ్ళెదుటే ఉన్నా ఆమెకు అసహ్యం వేసింది తన మీదే. ఆడని ఆట గురించి వాడు వాగాడు, సరే. మూడేళ్ళు ఆడిన తను దాన్ని నోటుబుక్కులో రాసుకుంది! ఆ పేజీ పర్రున చింపి ఒప్పందం కాగితం మీద పెట్టింది. పెట్టెకు మూత వేసి చంకలో పెట్టుకుంది.

“ఏంటమ్మా, పేరు సంగతేనా? మాట్లాడుకుందాం కూర్చో.”

“ఏడోసారి ఆడాక మాట్లాడుకుందాం లెండి,” అని మెట్లు దిగింది.

ఇంట్లో అత్తగారు గుమ్మంలోనే పట్టుకున్నారు. “ఏమన్నాడే?”

“ఆరుసార్లు ఆడాడట అత్తయ్యా. సంచేమో మీ దిండు కింద ఉంది.”

అత్తగారు లోపలికెళ్ళి సంచి తెచ్చి, చేత్తో బరువు చూసి, కోడలి మొహంలోకి చూశారు.

“మరి ఓడిందెవరట?”

“నేనే ఓడబోయానత్తయ్యా. సంతకం ఒక్కటే తక్కువ,” అని కోడలు సంచి కోసం చెయ్యి చాపింది.