నలభై రెండో స్తంభం

నిచ్చెనయ్య తనను నిలువునా ముంచాడని దర్జీ ఇవాళ్టికీ చెప్పుకు తిరుగుతున్నాడు. వీధి దీపాలు బాగుచేసే మనిషికి ఆ వీధి పెట్టిన పేరు అది. సైకిలు పక్కన నిచ్చెన కట్టుకుని తిరుగుతాడు గనుక. ఆ ముంచడంలో ఎవరి చెయ్యి ఎంత ఉందో చదివే పెద్దలు మీరే తేల్చండి.

దర్జీ కొట్టు ముందు దీపం ఆరిపోయి నాలుగు నెలలైంది. వీధిలో ఎరగనివాళ్ళు లేరు. కొట్టుకూ రోడ్డుకూ మధ్య మూత లేని కాలువ ఒకటుంది. సాయంత్రమైతే అది రోజుకో చెప్పు మింగేది. పడ్డవాళ్ళు లేచి, పైవాళ్ళను నాలుగు తిట్లు తిట్టి, కాలు కడుక్కుని ఇళ్ళకు పోయేవారు. పంతులుగారు చెప్పే ఉంటారని కిరాణా కొట్టాయన అనుకున్నాడు. నష్టపోయేది దర్జీ కాబట్టి అతనే చెప్పి ఉంటాడని పంతులుగారు అనుకున్నారు. ఇంతమంది చదువుకున్నవాళ్ళుండగా నాకెందుకీ తద్దినం అనుకుని దర్జీ కాజాలు కుట్టుకుంటూ కూర్చున్నాడు.

అలాంటి రోజుల్లో ఒక సోమవారం బడి హెడ్మాస్టరమ్మ నుంచి కబురొచ్చింది. శుక్రవారం సాయంత్రం ఏడింటికి స్వయంగా వస్తానంది. నమూనా చొక్కా నచ్చితే బడి పిల్లల యూనిఫారాలన్నీ అతనికేనట. అంటే ఇంట్లో ఏడాది తిండికి దిగులుండదు.

దర్జీ ఎగిరి గంతేశాడు. భార్య మాత్రం గుమ్మంలో నిలబడి కాలువ వంక చూసింది.

"ఆవిడ అందులో పడితే ఇంక మీ చొక్కా ఎవరు చూస్తారండీ? ముందు ఆ దీపం సంగతి చూడండి."

మర్నాడు దర్జీ మున్సిపల్ ఆఫీసు మీదకు యుద్ధానికి వెళ్ళినట్టే వెళ్ళాడు.

"నాలుగు నెలలుగా మొత్తుకుంటున్నాం. మీకు చీమ కుట్టినట్టయినా లేదా?"

గుమాస్తా నెమ్మదిగా పుస్తకం తిరగేశాడు. "మీ వీధి నుంచి ఒక్క ఫిర్యాదూ రాలేదయ్యా. ఎక్కడ మొత్తుకున్నారు?"

"కిరాణా కొట్టు అరుగు మీద."

"ఆ అరుగు మా ఆఫీసు కిందకి రాదు. సరే, స్తంభం నెంబరు చెప్పు."

"మా కొట్టు ముందుదండీ. ఎవర్నడిగినా చెప్తారు."

"చూడు నాయనా, దీపాలు మార్చే మనిషి పనిచేసేది పగలు. పగటిపూట బాగున్న దీపమూ పాడైన దీపమూ కవల పిల్లల్లా ఉంటాయి. నెంబరొక్కటే దిక్కు. స్తంభం మీద నల్లరంగుతో రాసి ఉంటుంది, చూసి రా."

దర్జీ వచ్చి స్తంభం చుట్టూ మూడుసార్లు తిరిగాడు. నెంబరు ఉండాల్సిన చోట అతని రేకు బోర్డే ఉంది. 'ఒక్కసారి కుట్టిస్తే మళ్ళీ మా దగ్గరికే' అని పెద్ద అక్షరాలు. ఎప్పుడో ఇనప తీగతో కట్టించాడు; తీగ తుప్పుపట్టి స్తంభానికి అతుక్కుపోయింది.

"బోర్డు విప్పి చూస్తే పోలా?" అంది భార్య.

"పెద్ద బేరం వచ్చే వారంలో బోర్డు పీకమంటావా? నీ బుర్ర తగలెయ్య! ఎడమ భుజం, కుడి భుజం కొలిచినవాడికి మధ్యలో మెడ ఎక్కడుందో తెలీదా?"

ఎడమవైపు స్తంభం మీద నలభై ఒకటి. కుడివైపు దాని మీద నలభై మూడు. మధ్యలోది నలభై రెండు కాక మరేమవుతుంది? ఆ నెంబరే రాయించి రసీదు జేబులో పెట్టుకున్నాడు. గురువారం సాయంత్రం ఆఫీసుకు వెళ్తే "నలభై రెండా? మార్చేశారు" అన్నాడు గుమాస్తా. దర్జీ ఆ రాత్రి హాయిగా గుర్రుపెట్టాడు.

శుక్రవారం పొద్దుగూకింది. వీధిలో దీపాలన్నీ వెలిగాయి, ఒక్క దర్జీ కొట్టు ముందు దీపం తప్ప. భార్య సెల్‌ఫోను లైటు పట్టుకుని కాలువ పక్కన కాపలా నిలబడింది. హెడ్మాస్టరమ్మ వచ్చింది. "ఇటు రండమ్మా, ఇటు ఇటు" అంటూ ఇల్లాలు లైటు నేరుగా ఆవిడ కళ్ళలోకే కొట్టింది. ఆవిడ కుడికాలు మోకాలిదాకా కాలువలోకి దిగింది.

"కాలు ఎక్కడ పెట్టాలో కనపడని చోట నీ కుట్టు నాకేం కనపడుతుందయ్యా?" అని ఒంటి చెప్పుతో కుంటుకుంటూ వెళ్ళిపోయింది. మలుపు దగ్గర మాత్రం పట్టపగల్లా వెలుగుంది.

ఆ వెలుగు కింద దర్జీ తోడల్లుడి కొట్టు. అతనూ దర్జీయే.

శనివారం పొద్దున్నే భార్య ఫోను పెట్టేసి బిక్కమొహం వేసింది. "అక్క చేసింది. హెడ్మాస్టరమ్మ కాలు కడుక్కోవడానికి బావగారి కొట్టు దగ్గర ఆగిందట."

"ఆగి?"

"కూర్చుందట. సూదిలో దారం ఎక్కించుకునేంత వెలుతురుందట. బావగారి కుట్టు చూసి అక్కడికక్కడే ఆర్డరు రాసిచ్చిందట. మొన్న వాళ్ళు అడక్కుండానే నిచ్చెనయ్య వచ్చి కొత్త దీపం పెట్టాడటండీ. ఎవరో మహానుభావుడు ఫిర్యాదు చేశాడట. ఆయన కడుపు చల్లగా ఉండాలని అక్క వెయ్యి దణ్ణాలు పెడుతోంది."

దర్జీ పరుగున వెళ్ళి నిచ్చెనయ్యను నిచ్చెనతో సహా ఈడ్చుకొచ్చాడు. వీధంతా పోగైంది.

"మా తోడల్లుడి దగ్గర ఎంత తిన్నావు? నిజం చెప్పు!"

నిచ్చెనయ్య జేబులోంచి చీటీ తీశాడు. "నలభై రెండని రాయించింది నువ్వే కదా అన్నా?"

"మా స్తంభం నలభై రెండేగా!"

నిచ్చెనయ్య పట్టకారు తీసి తీగ తెంపాడు. రేకు బోర్డు దబ్బున కింద పడింది. వెనక నల్లరంగు మెరిసింది: నూట పదిహేడు.

"నలభై ఒకటి తర్వాత లైను మలుపుదాకా పోయి మళ్ళీ ఇటు తిరిగొచ్చింది. నలభై రెండు అక్కడ నాటారు, నలభై మూడు ఇక్కడ. ఇది పదేళ్ళ తర్వాత మధ్యలో పాతిన స్తంభం" అని చెప్పి అతను పైకెక్కాడు. దీపం మార్చి దిగడానికి పది నిమిషాలు పట్టింది.

కిరాణా కొట్టాయన మీసం సవరించుకుంటూ "నాలుగు నెలలూ గాడిదలు కాశావా?" అన్నాడు.

నిచ్చెనయ్య అందరి వైపూ తిరిగాడు. "నన్ను తిట్టండి బాబూ, పడతాను. కానీ ఒక్క మాట. దీపం పోతే చూసినవాళ్ళు వందమంది, చెప్పినవాడు ఒక్కడూ లేడు. 'ఎవరో చెప్పే ఉంటారు' అని అందరూ అనుకుంటే ఆ ఎవరో ఈ జన్మలో పుట్టడు. ఆరిన దీపాన్ని ఆరిన రోజే చెప్పండి, నెంబరు కళ్ళతో చూసి చెప్పండి. ఊరందరి స్తంభం మీద మీ సొంత రేకులు కట్టకండి."

పంతులుగారు చెప్పులు చూసుకున్నారు. కిరాణా కొట్టాయనకు ఉన్నట్టుండి కొట్లో పని గుర్తొచ్చింది. దర్జీ కింద పడ్డ బోర్డును ఎత్తి చంకలో పెట్టుకున్నాడు.

అయ్యలారా, మీ వీధి స్తంభం నెంబరు ఒకసారి చూసి పెట్టుకోండి. పది నిమిషాల పనిని నాలుగు నెలలు ఎవరికీ చెప్పకుండా, చివరికి తప్పు చెప్పి, దర్జీ పోగొట్టుకున్నది చొక్కాలు, లాగులు కలిపి నూట ఇరవై జతలు.