హద్దుకు అవతలి ఇల్లు

పట్టణ కౌన్సిల్లో తీర్మానం నెగ్గిన రోజు టైలరమ్మను జనం భుజాల మీదికి ఎత్తుకోలేదన్న మాటే గానీ, అంత పనీ చేశారు. ఇక పట్టణం హద్దుల్లో ఎక్కడా ఫ్రాకింగ్ చేయకూడదు. అంటే భూమి లోతుల్లోకి రసాయనాలు కలిపిన నీళ్లు బలంగా కొట్టి, రాయిని పగలగొట్టి, గ్యాస్ తీయకూడదు.

బడి వెనక గ్యాస్ బావి తవ్వబోయిన కంపెనీని ఆపింది కౌన్సిల్ సభ్యురాలైన ఆమే. పగలంతా మిషన్ తొక్కుతూనే, కొలతలివ్వడానికి వచ్చిన ప్రతి మనిషికీ నచ్చజెప్పింది. ఆఖరి సమావేశంలో సగం మంది సభ్యులు గోడ మీద పిల్లుల్లా కూర్చుంటే లేచి నిలబడింది.

"గ్యాస్ తీయొద్దనట్లేదు. మన ఊళ్లో వద్దంటున్నా. హద్దు దాటాక ఎక్కడ తవ్వుకుంటే మనకేంటి?"

ఆ మాటకు చేతులు లేచాయి.

హద్దు దాటగానే, రోడ్డుకు అవతల, ఆమె సొంత అక్క ఇల్లుంది. నాలుగు ఆవులు, ఒక బోరు, మొగుడు పోయాక ఒంటరి బతుకు. అక్క గుర్తులేక కాదు, కంపెనీ అంత దగ్గర్లో దిగుతుందని టైలరమ్మ కలలో కూడా అనుకోలేదు. కంపెనీ మాత్రం ఎక్కువ దూరం వెళ్లలేదు. అక్క ఇంటి పక్క పొలమే కొనుక్కుంది.

ట్యాంకర్ల రాకపోకలకు అక్క గోడలు నెర్రెలిచ్చాయి. గ్యాస్ బావి దించాక బోరు నీళ్లకు కిరసనాయిలు కంపు పట్టింది. ఆవులు తొట్టి దగ్గరికొచ్చి, మూతి పెట్టి, వెనక్కి తిరిగిపోయేవి. టైలరమ్మ డబ్బాల్లో నీళ్లు పట్టుకెళ్తే అక్క గుమ్మంలోనే ఆపేసింది.

"ఏమే, గెలిచారటగా?"

"అక్కా, ఇలా అవుతుందనుకోలేదే."

"పాలు పోసినన్నాళ్లూ నేను మీ ఊరిదాన్నే. నీళ్ల దగ్గరికొచ్చేసరికి హద్దు గుర్తొచ్చిందా?"

టైలరమ్మ డబ్బాలు అక్కడే దించి వచ్చేసింది. తర్వాతి సమావేశంలో, అక్క ఇంటికి పట్టణం నీళ్ల పైపు వేయాలని అడిగింది.

"అది మన హద్దు కాదమ్మా" అన్నాడు చైర్మన్. "మీరే కదా అన్నారు, హద్దు దాటాక మనకేంటని."

"అన్నాను. బుద్ధి గడ్డి తిని అన్నాను. ఒక్క పైపే కదండీ అడుగుతున్నది!"

ఇంకో సభ్యుడు, కిరాణా కొట్టాయన సర్దిచెప్పబోయాడు. అతని కూతురు చదివేది ఆ బడిలోనే. "పైపు వేస్తే కంపెనీ వల్ల నీళ్లు చెడ్డాయని మనం చెప్పినట్టే. వాళ్లు కోర్టుకెళ్తే అసలు తీర్మానానికే ఎసరొస్తుంది. ఒక్కింటి కోసం ఊరిని పణంగా పెడతామా, మీరే చెప్పండి."

లేచింది ఆమె చెయ్యి ఒక్కటే. తీర్మానం కోసం ఆమె ఎవరెవరి గడప తొక్కిందో వాళ్లంతా ముందున్న కాగితాల్లోకి చూస్తూ కూర్చున్నారు.

ఆ వారంలోనే ఊళ్లోవాళ్లు అక్క దగ్గర పాలు మానేయడం మొదలైంది. వాసనొస్తున్నాయని ముందుగా అన్నది ఆ కిరాణా కొట్టాయన భార్యే. నీళ్లు చెడ్డాయని ఒప్పుకోని నోళ్లే పాలు బాగాలేవన్నాయి. ఆవులు అమ్ముడుపోయాయి. చివరికి ఇల్లు కూడా కంపెనీయే కొంది. ఒక్కటే షరతు. ఆ నీళ్ల గురించి అక్క జీవితంలో ఎవరితోనూ నోరెత్తకూడదు. కొనేవాడు ఇంకొకడు లేడు. అక్క సంతకం పెట్టింది.

ఇప్పుడు అక్క టైలరమ్మ ఇంట్లోనే ఉంటోంది. కాజాలు కుట్టి, గుండీలు వేసి పెడుతుంది. పలకరిస్తే పలుకుతుంది, నవ్వాల్సిన చోట నవ్వుతుంది.

ఒకరోజు టైలరమ్మ మిషన్ ఆపి అడిగింది. "పక్క పట్టణంలోనూ బావి దించుతారట. నన్ను మాట్లాడమంటున్నారు. నీ నీళ్లు ఎట్లా చెడ్డాయో మొదట్నుంచీ చెప్పవే అక్కా. నాకొక్కదానికే."

అక్క సూదిలో దారం ఎక్కిస్తోంది. దారం కొస పంటితో కొరికి, మళ్లీ ఎక్కించి, ముడి వేసింది.

"నా నీళ్లకేమైంది? బాగానే ఉండేవి" అంది.