ఊదేవాళ్ళింట్లో పీల్చే గిన్నె

నేను ఒక డ్రిప్పర్ని. పేరు వినగానే మీకు ఆసుపత్రిలో సెలైను సీసా గుర్తొస్తే తప్పు మీది కాదు, నాకు పేరు పెట్టినవాడిది. నేను ప్రాణం ఎక్కించేదాన్ని కాను, పొగ ఎక్కించేదాన్ని. నిప్పు లేకుండా బ్యాటరీ మీద నడిచే కరెంటు సిగరెట్టు ఒకటుంటుంది చూడండి, దాని నెత్తిమీద కూర్చునే స్టీలు గిన్నెని. బొటనవేలంత లావు, రెండు కణుపులంత పొడుగు. లోపల నేలమీద రెండు బుల్లి స్తంభాలు, ఆ స్తంభాల మధ్య స్ప్రింగులా చుట్టిన సన్నతీగ, ఆ తీగ కడుపులో దూది, పైన టోపీ, టోపీ మీద మూతి. దూది మీద రసం చుక్కలు వేసి, కింద మీట నొక్కితే తీగ ఎర్రబడుతుంది, రసం ఆవిరవుతుంది, మనిషి నా మూతికి మూతి ఆనించి పీలుస్తాడు. పొగ నాది, పొగరు వాడిది.

నా జాతిలో కడుపున్నవాళ్ళున్నారు. ట్యాంకులంటారు. ఒకసారి నింపితే పూటంతా పనిచేస్తారు. నాకు కడుపు లేదు. నాలుగు చుక్కలు, నాలుగు దమ్ములు, మళ్ళీ నాలుగు చుక్కలు. రేపటికి దాచుకోవడం తెలియని జన్మ నాది. అందుకే నన్ను పట్టుకున్నవాడు ముందు నేర్చుకోవలసింది పీల్చడం కాదు, చుక్క వేయడం. ఎక్కువ వేస్తే చుక్కలు చూపిస్తాను.

పుట్టింది షెంజెన్‌లో. గుండ్రటి స్టీలు కడ్డీని లేతు మిషను మీద తొలిచి తొలిచి నన్ను తీశారు. అదే రోజు నాతోపాటు నాలుగు వేలమంది తోబుట్టువులు పుట్టారు. మా అమ్మకి పురిటినొప్పులు లేవు, నూనె మార్పిస్తే చాలు. అక్కణ్ణుంచి సింగపూరు దుకాణం అద్దాల బీరువాలోకి వచ్చాను. అక్కడ నన్ను కొన్నవాడు ఫిలిప్పీన్స్ దేశపు ఓడ వంటవాడు. పులుసు పెట్టే గరిటెతోనే నాలో రసం పోయబోయిన మహానుభావుడు. ఆర్నెల్లకి నామీద మోజు తీరి, అదే ఓడలో ఫిట్టరుగా చేస్తున్న గౌరీశుకి నన్నిచ్చేసి బదులుగా గోంగూర పచ్చడి సీసా పుచ్చుకున్నాడు. నా ఖరీదు ఒక గోంగూర సీసా అని ఆరోజు తెలిసింది. నేనేం చిన్నబుచ్చుకోలేదు. సీసా పెద్దది.

గౌరీశుది విశాఖపట్నం. మేనకోడలి పెళ్ళికని సెలవు పెట్టి, నన్ను జేబులో వేసుకుని విజయనగరంలో అక్కగారింటికి వచ్చాడు. గంటస్తంభం దగ్గర సందులో ఇల్లు. వీధి అరుగే దుకాణం. బావగారు సింహాద్రాచారి కంసాలి. ఆయన భార్య వరహాలమ్మ, పెళ్ళికూతురు పైడమ్మ, ఆయన తల్లి అప్పాయమ్మ. ఆ ముసలావిడ అడ్డపొగ తాగుతుంది. అంటే, చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని రెండో కొసని బయట ఉంచుతుంది. ఆవిణ్ణి చూశాక ఫ్యాక్టరీలో నా మూతి ఎటుండాలని అంతంత మీటింగులు ఎందుకు పెట్టారో నాకర్థం కాలేదు.

మేం వెళ్ళేసరికి ఇంట్లో పెళ్ళికళ లేదు, పెళ్ళిదగ్గు ఉంది.

సంగతేమిటంటే, మంగళసూత్రంలో రెండు పుస్తెలుంటాయి కదా, అత్తింటిదొకటి, పుట్టింటిదొకటి. పైడమ్మ పుట్టింటి పుస్తె తండ్రే చెయ్యాలి. ముక్కుపుడకలకీ గొలుసులకీ అరుగు మీద గ్యాసు గన్ను ఉంది. కానీ పుస్తెకి తాడు దూరే గొట్టం అతికించేటప్పుడు మాత్రం దీపం మంటని ఊదుగొట్టంతో నోటితోనే ఊదాలి. బుగ్గల్లో గాలి నింపుకుని, ముక్కుతో పీల్చుకుంటూ, అతుకు పడేదాకా మంట తెగకుండా ఊదాలి. మంట తెగితే ఆ పుస్తె పనికిరాదు, కరిగించి మళ్ళీ మొదలు. అది ఐదు తరాలుగా ఆ ఇంటి ఆచారం. ఆచారిగారికేమో ముప్పై ఏళ్ళుగా చుట్ట. చుట్ట ఇచ్చిన దగ్గు. ఇప్పటికి రెండుసార్లు మంట తెగింది, రెండుసార్లు పుస్తె కరిగింది.

వరహాలమ్మ తమ్ముడికి మంచినీళ్ళయినా ఇవ్వకముందే తీర్పు చెప్పేసింది.

“పుస్తె చెయ్యడానికి వచ్చే శుక్రవారం పొద్దున్న ముహూర్తం ఉంది. ఆవేళ గాని అవ్వకపోతే మెయిన్ రోడ్డు షాపులో రెడీమేడు పుస్తె తెచ్చీస్తాను. ఈయన దగ్గు తగ్గేదాకా పిల్ల పెళ్ళి ఆపుతామేటి?”

“కంసాలి ఇంటి పిల్లకి కొన్న పుస్తె” అని సింహాద్రాచారి గోడకేసి చూస్తూ అన్నారు. అంత మెల్లగా అన్నమాట ఆ అరుగంతా వినిపించింది.

శుక్రవారానికి ఏడు రోజులుంది. గౌరీశు నన్ను జేబులోంచి తీశాడు.

“బావా, చుట్ట మానీ. ఇది పట్టు. ఇందులో నిప్పు లేదు, నుసి లేదు.”

నాలో పోసే రసంలోనూ ఉన్నది పొగాకు సారమేనని, మారింది వేషమేనని వాడు చెప్పలేదు. నాకు చెప్పే నోరు లేదు. ఉన్న మూతి పీల్చడానికే.

అప్పాయమ్మ నన్ను అరచేతిలో దొర్లించి చూసింది. “నిప్పు ఏ పక్కరా దీనికి?”

“నిప్పే లేదత్తా.”

“మరెందుకు?” అని నన్ను తిరిగిచ్చేసింది. ఇన్ని దేశాలు తిరిగినా నామీద ఇంత చిన్న సమీక్ష ఎవరూ రాయలేదు.

మొదటి పాఠం అరుగు మీదే జరిగింది. గౌరీశు టోపీ తీసి, తీగ చూపించి, దూది చూపించి, సీసా ముక్కుతో చుక్కలు వేశాడు. “దూది తడిస్తే చాలు బావా. తేలకూడదు. ఇప్పుడు మీట నొక్కి, మూతి దగ్గర నోరు పెట్టి...” అని వాక్యం పూర్తిచేసేలోగా ఆచారిగారు నోరు పెట్టేశారు. గొట్టం నోటికి తగిలితే ముప్పై ఐదేళ్ళుగా ఆ మనిషి చేసింది ఒకటే పని. ఊదారు.

బుగ్గలు బూరెల్లా చేసి మరీ ఊదారు. నా గాలికన్నాల్లోంచి రసమంతా పిచికారీలా వెళ్ళి గౌరీశు తెల్లచొక్కా మీద పడింది. సింగపూరు స్ట్రాబెర్రీ. వరహాలమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, పైడమ్మ అడ్డమేమీ పెట్టుకోకుండా నవ్వింది.

“పీల్చాలి బావా.”

“గొట్టం ఇచ్చి పీల్చమంటావేట్రా. కంసాలికి చెప్పే మాటేనా అది?”

రెండోరోజుకి పీల్చడం పట్టుబడింది గానీ చుక్క పట్టుబడలేదు. వెలిగారం పూసే చెయ్యి అది. వెలిగారమంటే అతుకు పడడానికి బంగారం మీద రాసే తెల్లటి ఉప్పులాంటి పదార్థం. నీళ్ళలో అరగదీసి కుంచెతో దట్టంగా మెత్తడం ఆయన అలవాటు. నాకూ అలాగే మెత్తారు. పది, పన్నెండు, ఇరవై చుక్కలు. దూది మునిగింది, నేను మునిగాను. మీట నొక్కితే పొగకి బదులు గుడగుడ. పీలిస్తే నాలిక మీదికి వేడి రసం.

“ఎక్కువేస్తే మరుగుతాది బావా, ఆవిరవ్వదు. తక్కువేస్తే దూది మాడతాది. చుక్కకో లెక్కుంది.”

“అయితే చెప్పీ లెక్క.”

“నాలుగు. మాడువాసన తగలకముందే ఇంకో నాలుగు.”

మూడోరోజు ఆచారిగారు నాలుగు చుక్కలేసి, నిజంగా ఒక దమ్ము లాగి, నిజంగా ఒక మబ్బు వదిలారు. మబ్బు కేసి అలా చూసి, “మాడు రుచి లేదు, ఘాటు లేదు. దీన్ని పొగంటే పొగ నామోషీ పడతాది” అన్నారు. అయినా చుట్ట అడగలేదు. ఎందుకంటే ఆయన కళ్ళు పొగ మీద లేవు, నా లోపలి తీగచుట్టు మీద పడ్డాయి. విప్పారు. మళ్ళీ చుట్టారు. ఎడంగా ఉందని మళ్ళీ విప్పారు. ఆరుచుట్లు, ఏడుచుట్లు, ఒకదానికొకటి ఆనుకునేలా, వెంట్రుక దూరకుండా. దూది కొసలు కత్తిరించడం, చుక్క వేయడం, చూడడం. పొద్దంతా అదే పని. చుట్టడంలో పడి చుట్ట మరిచిపోయిన మొదటి మనిషిని నేను అప్పుడే చూశాను.

నేను గర్వపడ్డాను. నాలాంటివాళ్ళు గర్వపడితే ఏమవుతుందో ఐదోరోజు తెలిసింది.

ఆరోజు గౌరీశు శుభలేఖలు పంచడానికి వెళ్ళాడు. ఆచారిగారు నా తీగని వేలిమీద సాగదీసి పెదవి విరిచారు. “ఇనుపముక్క. నోట్లో పెట్టుకునే దాంట్లో ఇనుమేటి?” అని కమ్మచ్చు తీశారు. వరసగా చిన్నవవుతూ పోయే కన్నాల్లోంచి వెండిని లాగి తీగ తీసే పలక అది. ఒక్కో కన్నంలోంచి లాగుతూ, దారమంత సన్నగా, పదహారణాల వెండితీగ తీసి, నా స్తంభాల మధ్య ఏడుచుట్లు చుట్టి బిగించారు. నేను పుట్టాక అంత అందంగా ఎప్పుడూ లేను. పెళ్ళికూతురు నేనేనేమో అనిపించింది. నాలుగు చుక్కలేశారు. లెక్క తప్పలేదు. మీట నొక్కారు.

పొగ లేదు. మళ్ళీ నొక్కారు. నొక్కి పట్టుకున్నారు.

ఇనుపతీగ కరెంటుని అడ్డుకుంటుంది, ఆ అడ్డుకోవడంలోనే వేడెక్కుతుంది. వెండి మర్యాదస్తురాలు, కరెంటు వస్తే అడ్డేమీ చెప్పకుండా సాగనంపేస్తుంది. దాంతో నేను చల్లగా ఉన్నాను, కింద బ్యాటరీ కాలిపోతోంది. అప్పుడే వాకిట్లోకొచ్చిన గౌరీశు ఆ వాసన పట్టాడు.

“బావా, మీట వదిలీ. వదిలీ ముందు.”

ఆచారిగారు వదిలారు. పట్టకారుతో నన్ను మెలితిప్పి ఊడదీసి, బ్యాటరీని కుంపటి పక్కనున్న ఇసక డబ్బాలో పడేశారు. అది ఇసకలో బుస్సుమని తన కథ ముగించింది. ఎవరికీ ఏమీ కాలేదు. నేనొక్కదాన్నే మిగిలాను, వెండితీగతో.

“వెండి పెట్టావా? ఓడలో ఎవడూ సెయ్యడు బావా ఈ పని.”

“ఓడలో కంసాలి లేడు కదరా.”

ఇంకో బ్యాటరీ ఆ ఊళ్ళో దొరకదు. శుక్రవారానికి మూడు రోజులు. పైడమ్మ తండ్రి పక్కన కూచుంది. “నాన్నా, కొన్నదైనా నాకేం పర్లేదు” అంది. పర్లేదన్న పిల్ల కళ్ళు పొగ లేకుండానే ఎందుకు మండాయో నాకు తెలుసు. ఆయనా చూశారు. చుట్టల డబ్బాలో చెయ్యి పెట్టి, చేతికందిన కట్టని తీసి తల్లి ఒళ్ళో వేసేసి, మళ్ళీ నాకేసి చూస్తూ కూచున్నారు. ఆ చూపు నాకర్థమయ్యేసరికి నన్ను వేణ్ణీళ్ళలో మరిగిస్తున్నారు.

శుక్రవారం పొద్దున్న. స్నానం చేసి, తడిజుట్టుతో ఆచారిగారు కుంపటి ముందు కూచున్నారు. వరహాలమ్మ చేతిలో డబ్బుల సంచి, కాళ్ళకి చెప్పులు. షాపుకి సిద్ధంగానే ఉంది. పుస్తె బొగ్గు మీద పెట్టారు, గొట్టం నిలబెట్టారు, పక్కన టంకం ముక్క, అంటే అతుకు లోహం, ఆవగింజంత. కుంచె కోసం చెయ్యి వెళ్ళింది, ఆగింది. నా గిన్నెలో వెలిగారం నీళ్ళున్నాయి. కడిగి పెట్టుకున్న రసం సీసా ముక్కుతో నాలోంచి కొంచెం పీల్చి, పుస్తె మీద చుక్క వేశారు. ఒకటి. తడిసిందే గానీ తేలలేదు.

ఊదుగొట్టం నోట పెట్టారు. దీపం మంట నాలికలా వంగి పుస్తెని తాకింది. ఇదివరకు కుంచెతో మెత్తిన వెలిగారం బుడగలు కట్టి మరిగేది, టంకం ముక్క ఎగిరి పక్కన పడేది, అది సర్దుకునేలోగా దగ్గొచ్చేది. ఈసారి మరగడానికి అక్కడేమీ లేదు. బుగ్గలు నిండాయి. ముక్కుపుటాలు కదిలాయి. మెడలో నరం లేచింది. దగ్గు గొంతులోకి వచ్చిందని వరహాలమ్మకి తెలిసింది, నాకు తెలిసింది. ఆవగింజ మెరిసి, కరిగి, గొట్టం అంచు చుట్టూ ఒక్క పరుగు తీసింది.

అతుకు పడింది. మంట ఆగింది. అప్పుడు దగ్గారు ఆచారిగారు. తనివితీరా, అరుగు అదిరేలా, హాయిగా దగ్గారు. వరహాలమ్మ చెప్పులు విప్పేసింది. అప్పాయమ్మ నోట్లో నిప్పు చుట్ట పక్కకి తోసి, “ఇంత దగ్గు దాచుకుని ఊదాడర్రా నా కొడుకు” అని మురిసింది.

పైడమ్మ పెళ్ళయింది. గౌరీశు ఓడెక్కాడు, నన్నడగలేదు. తరవాత కొన్నాళ్ళకి దేశమంతటా నా జాతి మీద నిషేధం వచ్చింది. ఒకాయన ఖాకీ ప్యాంటుతో భార్య ముక్కుపుడక మరమ్మతుకు తెచ్చి, అరుగు మీద నన్ను ఎగాదిగా చూసి, “ఇదేటి?” అన్నాడు.

“వెలిగారం గిన్నె” అన్నారు ఆచారిగారు. అబద్ధం కాదు. నా స్తంభాల మధ్య ఇప్పుడున్నది పేరుకున్న తెల్లటి వెలిగారం, దూది లేదు.

చుట్ట పూర్తిగా మానేశారా అంటే, పండక్కొకటి అప్పాయమ్మ దగ్గర అడుక్కుంటారు, ఆవిడ ఇవ్వదు. మరి నా మూతి ఏమైందంటారా? ఊదుగొట్టం కొస అరిగి పెదవి కోసుకుపోతుంటే, ఆచారిగారు నా మూతిని టోపీలోంచి ఊడదీసి దాని చివర బిగించారు. సరిగ్గా అతికినట్టు కూచుంది. పీల్చడానికి పుట్టిన మూతి ఇప్పుడు రోజూ ఊదుతోంది, నేను పక్కనే కూచుని వింటున్నాను.