అరువు బుగ్గలు

ఒర్లూ బజారులో ఎకెమెజీ ఫోటో దుకాణానికి తండ్రినాటి నుంచి ఒకటే నియమం. ముఖం ఎవరిదో డబ్బు వాళ్లది, డబ్బు ఎవరిదో మాట వాళ్లది. రెండు చేతులూ మోకాళ్ల మీద, రెండు పాదాలూ నేల మీద ఉండాలి, రెండు చెవులూ కనబడాలి. ఒక చెవి తప్పిపోయిందంటే తూకంలో మోసం చేసినట్టే. బుగ్గలు నిండుగా కావాలంటే పెన్సిల్ ఉంది. నెగెటివ్ మీద గుంట పడినచోట పెన్సిల్ గీస్తే కాగితం మీదికి కండ వస్తుంది.

యుద్ధం వచ్చాక బేరం తలకిందులైంది. మొదట సైనికులు గుర్తింపు కార్డుల కోసం ఒట్టి తలకాయలు తీయించుకుపోయారు. తర్వాత మెడలో కెమెరాలతో పత్రికల తెల్లవాళ్లు దిగారు. వీళ్ల వ్యాపారంలో ముఖం ఇచ్చినవాణ్ణి అడిగే పనే లేదు. కొనేవాడు సముద్రం అవతల ఉంటాడు, వాడికి ఏది నచ్చుతుందో అదే తీస్తారు.

డెన్‌హామ్ అలాంటివాడే. బాంబు పడి, ఒక పెట్టె ఫోటో కాగితం తప్ప ఫిల్ము కడిగే అతని సామానంతా దారిలోనే కాలిపోయింది. ఆ ఉదయం ఒక ఫిల్ము చుట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు. "విమానానికి అందాలి. కడిగి ఉంచు. పని అయితే ఈ కాగితం పెట్టె నీకే."

దుకాణంలో మిగిలింది ఒక్క కాగితం. పెట్టె వస్తే దుకాణం నడుస్తుంది, లేకపోతే తలుపులు మూసి తిండికి గడ్డలు తవ్వుకోవాలి. ఎకెమెజీ ఫిల్ము కడిగి ఆరేశాడు.

అందులో, ఆకలి పిల్లల్ని చేర్చుకునే చర్చి మిషన్ కొట్టంలోని పిల్లాడొకడున్నాడు. ఒంటి మీద గుడ్డ లేదు, బుగ్గలు లోపలికి పోయాయి, పక్కటెముకలు బయటికి వచ్చాయి. ఇలాంటి ముఖం ఆ దుకాణం గడప ఎప్పుడూ దాటలేదు. పెన్సిల్ ఎప్పుడు అందుకున్నాడో అతనికే తెలియదు. బుగ్గలు రెండూ నింపి, ఎముకల సందులు పూడ్చాక గానీ అది తన సరుకు కాదని గుర్తుకు రాలేదు.

అప్పుడే ఒక ఆడమనిషి లోపలికి వచ్చింది. పేరు ఒయిరి. ఊరు కాలిపోతే పారిపోయి వచ్చినవాళ్లలో ఒకతె.

"తెల్లోడి ఫోటోలు నీ దగ్గరే ఉన్నాయంట. నా కొడుకుది ఏది?"

"ఎవరమ్మా నీ కొడుకు?"

"ఉజో. పొద్దున పోయాడు. కొట్టంలో ఆ తెల్లోడు నన్ను పక్కకి జరగమని చెయ్యూపాడు. పాలు పోస్తాడేమోనని జరిగాను."

"వేరే ఫోటో ఏదీ లేదా?"

"ఉంటే నీ గుమ్మం ఎందుకు తొక్కుతాను? తరిమేటప్పుడు గోడ మీది ఫోటోలు ఎవరు మోసుకొస్తారు? పాతిపెట్టే ముందు తలాపున ముఖం ఒకటి ఉండాలి. లేకపోతే అక్కడికి పోయాక తాతలు ఎవడివిరా అంటారు."

తను పెన్సిల్ పెట్టిన పిల్లాడి బొమ్మ అంచున, పక్కకి జరుగుతున్న ఈమె కొంగును ఎకెమెజీ గుర్తుపట్టాడు. మిగిలిన కాగితాన్ని రెండు ముక్కలు చేశాడు. కరెంటు పోయి చాలాకాలమైంది. చీకటి గదిలో గోడ కన్నం గుండా వచ్చే ఎండతోనే పని. ఒక ముక్క మీద బొమ్మ తేల్చి, తడితోనే ఆమెకిచ్చాడు.

"ఎవడు వీడు?" అంది.

"నీ కొడుకే."

"వీడా?" ఆమె ముందు గదిలోకి నడిచి గోడ వైపు వేలు చూపించింది. "ఆ పెళ్లికొడుక్కీ ఇవే బుగ్గలు. ఆ పాస్టరుకీ ఇవే. ఆ రోకలిబండ లాంటి పిల్లకీ ఇవే. ఒక్క జత అచ్చుపోసి ఊరందరికీ అమ్ముకున్నావా?"

ఎకెమెజీ గోడ చూశాడు. తండ్రి తీసినవీ తను తీసినవీ ముప్ఫై ఏళ్లుగా అక్కడే వేలాడుతున్నాయి. ఆమె చెప్పింది నిజమే.

బయట జీపు ఆగింది. డెన్‌హామ్ ఇంజను ఆపకుండానే లోపలికి వచ్చి, నెగెటివ్ వెలుతురుకి పెట్టి చూశాడు.

"దీన్నేం చేశావు? నాశనం చేశావు."

"టర్పెంటైన్‌తో తుడిస్తే పోతుంది, దొరా."

"అయితే తుడువు, త్వరగా. మా దేశంలో ఇది ఒక్కటి చూశారంటే విమానాల నిండా పాలపొడి పంపిస్తారు."

"ఏమంటున్నాడు?" అంది ఒయిరి. ఎకెమెజీ చెప్పాడు.

"ఆ పాలు ఉజో తాగుతాడా?"

"మిగతా పిల్లలు తాగుతారు కదమ్మా."

"అయితే వాళ్లనే అమ్ముకోమను. కొట్టం నిండా ఉన్నారు. జరగమంటే తల్లులు జరుగుతారు."

ఎకెమెజీ లెక్క వేసుకున్నాడు. ఒక పక్క పెట్టెడు కాగితం, దుకాణం. పాల మాట కూడా అబద్ధం కాదు. కానీ ఆ చుట్టలో ఇంకా చాలామంది పిల్లలున్నారు. ఈమెకున్నది ఈ ఒక్కడే, అదీ ఈ ఒక్క నెగెటివ్‌లోనే. అతను కత్తెర తీసుకుని ఆ ముక్క కత్తిరించి పక్కన పెట్టాడు. మిగతా ఫిల్ము డెన్‌హామ్ చేతిలో పెట్టాడు.

"దొంగవి నువ్వు," అన్నాడు డెన్‌హామ్. "మీరెందుకు ఓడిపోతున్నారో ఇప్పుడర్థమైంది."

"మా ఓటమి కూడా మీకు అమ్ముడుపోయే సరుకే కదా, దొరా."

డెన్‌హామ్ ఇస్తానన్న కాగితం పెట్టె చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. జీపు రేపిన దుమ్ము లోపలిదాకా వచ్చింది.

ఎకెమెజీ దూదితో నెగెటివ్ తుడిచి పెన్సిల్ చెక్కాడు. "ఎండ పోతోంది. వాడి ముఖం ఎలా ఉండేదో చెప్పు."

"ఎడమ బుగ్గ కొంచెం. అంత వద్దు, వాడేమైనా దొరబిడ్డా? నుదురు జోలికి పోకు, అది వాళ్ల నాన్నది. కళ్ల కింద నింపు."

"పక్కటెముకలో?"

ఆమె నెగెటివ్ మీదికి వంగింది.

"ఉంచు. అవి వాడివే."

రెండో ముక్క మీద బొమ్మ తేలింది. ఆమె చాలాసేపు చూసింది.

"కుడి బుగ్గ ఇంకా నీదే."

"సరిచేద్దామంటే కాగితం లేదు."

"అయితే ఇలాగే ఇయ్యి."

కొంగు ముడి విప్పి, ఆకులో చుట్టిన చిటికెడు ఉప్పు బల్ల మీద పెట్టింది. ఆ రోజుల్లో ఉప్పు కోసం జనం గంపలకొద్దీ గడ్డలు ఇచ్చేవారు.

"వద్దమ్మా."

"ఊరికే పుచ్చుకుంటే వాడు నా కొడుకు కాడు, నీ సరుకు. తీసుకో."

ఎకెమెజీ ఉప్పు తీసుకున్నాడు. ఆమె తడి ఫోటోను రెండు చేతుల మధ్య పట్టుకుని, దండం కూడా పెట్టకుండా మెట్లు దిగింది.