తలుపు ఫొటోలు

మా నాన్న నన్ను ‘మీరు’ అంటే నాకు భయం. తిడితే భయం లేదు. చిన్నప్పుడు వీపు విమానం మోత మోగించినప్పుడు కూడా లేదు. కానీ పొద్దువాలేసరికి కుర్చీలోంచి లేచి, నా ముఖంలోకి పరాయిదాన్ని చూసినట్టు చూసి, “ఎవరండీ మీరు? మా అమ్మాయి కోసం వచ్చారా?” అని ఎంతో మర్యాదగా అడుగుతాడు చూడండి, అప్పుడు నా ప్రాణం అరికాళ్లలోకి జారిపోతుంది.

మతిమరపు జబ్బు. పగలంతా బాగానే ఉంటాడు. పేపరు చదువుతాడు, నా మాటకు మాట అప్పజెపుతాడు. వెలుతురు తగ్గాకే మొదలవుతుంది. ఇల్లు తనది కాదంటాడు, మేమెవరో తెలియదంటాడు, బిక్కచచ్చిపోయి గోడకు ఆనుకుని నిలబడతాడు. అప్పుడు తనకు మా భయం, మాకు తన భయం.

నాన్న తాళాల పని చేసేవాడు. తలుపంటే ప్రాణం. ప్రతి పుట్టినరోజుకీ నన్ను వాకిలి తలుపు ముందు నిలబెట్టి ఒక ఫొటో తీసేవాడు. చంటిదాన్నై అమ్మ చంకలో ఉన్నప్పటి నుంచి ఇదే వరస. ఇళ్లు మారాయి, తలుపులు మారాయి, అమ్మ పోయింది, ఈ ఫొటో మాత్రం మానలేదు. పని మానేశాక పాతవన్నీ స్కాన్ చేయించి, కొత్తవాటితో కలిపి కంప్యూటర్లో ‘తలుపు’ అని పేరు పెట్టి వరసగా దాచుకున్నాడు. కాగితం ఫొటోలేమో ఆ తర్వాత పైపు పగిలిన నీళ్లలో నాని ముద్దయిపోయాయి.

సాయంత్రం భయం మొదలవగానే నేను చేసేది ఒక్కటే. తనను కంప్యూటర్ ముందు కూర్చోబెడతాను. తనే ఒక్కో ఫొటో నొక్కుకుంటూ వెళతాడు. “ఇది మా అమ్మాయండీ, చంటిది.” “ముందు పళ్లు ఊడిపోయాయి దీనికి.” “జుట్టు కత్తిరించుకుని వచ్చింది, రాక్షసి!” అలా నాతో పాటే పెరుగుతూ పెరుగుతూ చివరి ఫొటో దాకా వస్తాడు. తెర వంక చూస్తాడు, నా వంక చూస్తాడు. “ఏమే చిటపటా, పక్కనే ఉండి పలకవేం?” అంటాడు. రేకుల మీద వానలా మాట్లాడతానని ఆ పేరు తనే పెట్టాడు. ఆ ‘ఏమే’ వినబడేదాకా నాకు ఊపిరి ఆడదు.

ఇది జరిగిన రోజుకు మర్నాడు నాన్నను ఆసుపత్రిలో చేర్చాలి. పిత్తాశయంలో రాళ్లు, ఆపరేషన్ తప్పదన్నారు. మత్తు దిగాక ఇలాంటివాళ్లు ఇంకా బెదిరిపోతారనీ, తనకు బాగా తెలిసిన వస్తువేదైనా దగ్గర పెట్టమనీ డాక్టరమ్మ చెప్పింది. కంప్యూటర్ని మంచం మీదికి మోసుకెళ్లలేం కదా. పైగా అది కూడా ముసలిదే, మూలుగుతూ ఆగుతూ నడుస్తోంది. అందుకని నాన్న కోసం కొత్త ఫోన్ కొన్నాం. ఫొటోలు అందులోకి ఎక్కించి, కంప్యూటర్ని రిపేరుకివ్వాలి. ఇంతే పని. ఇంత చిన్న పనిని మా ఇంట్లో సవ్యంగా ఎవరు చేశారు గనక!

ఆ రోజు పొద్దున్నే నేను బేకరీకి బయల్దేరాను. కేకుల మీద క్రీముతో పేర్లు రాసే పని నాది. చెప్పులు వేసుకుంటూ, స్నానాల గదిలో ఉన్న మా ఆయనకు వినపడేలా అరిచాను. “ఏమండీ! నాన్న ఫొటోలు తీసేసి, ఆ తర్వాతే కంప్యూటర్ షాపులో ఇవ్వండి. మర్చిపోయారో, ఊరుకోను!”

“తీసేస్తాలే, నువ్వెళ్లు!” అన్నాడు లోపల్నుంచి.

మధ్యాహ్నం దాటాక ఇంటికి వచ్చాను. నాన్న నిద్రపోతున్నాడు. తోడుగా కూర్చున్న మా తమ్ముడు, “బావ ఫోన్ అక్కడ పెట్టి వెళ్లాడక్కా,” అని బల్ల చూపించాడు. ఆన్ చేశాను. ఫొటోల బొమ్మ మీద నొక్కాను. తెల్లటి తెర. నడిమధ్యలో ‘ఫొటోలు లేవు’ అని ఉంది. ఎక్కడో వేరేచోట పెట్టి ఉంటాడులే అనుకున్నాను. కానీ ఫోన్ డబ్బాలో వైరు చుట్టిన చుట్ట చుట్టినట్టే ఉంది, విప్పిన గుర్తే లేదు. వైరు లేకుండా ఎలా ఎక్కించాడు?

మా ఆయన ఆసుపత్రి బట్టలుతికే చోట పనిచేస్తాడు. పనిలో ఉండగా ఫోన్ దగ్గర ఉంచుకోనివ్వరు. ఆఫీసు నంబరుకు చేసి, ఇంట్లో అవసరమని చెప్పి పిలిపించాను.

“నాన్న ఫొటోలు తీసేశారా?”

“తీసేశానుగా.”

“మరి ఎక్కడున్నాయి?”

“ఎక్కడుండటమేంటి? తీసేశానంటుంటే!”

“తీసి దేంట్లో పెట్టారండీ బాబూ?”

యంత్రాల హోరులోంచి నెమ్మదిగా అన్నాడు. “షాపువాడి చేతికి మన ఇంటి ఫొటోలు వెళ్లకూడదని నిన్నంతా గోల చేశావు కదా. అందుకే తీసెయ్యమన్నావనుకున్నా. ఫోన్లోకి నువ్వెప్పుడో ఎక్కించేసి ఉంటావనుకున్నా. మొత్తం తీసేశా. కంప్యూటర్లో చెత్తబుట్ట కూడా ఖాళీ చేసేశా.”

మా బేకరీలో ‘తీసెయ్’ అంటే పొయ్యిలోంచి పొరపాటున ఒక అంచు కూడా విరగకుండా బయటికి తియ్యడం. ఆయన పనిలో ‘తీసెయ్’ అంటే దుప్పటి మీద మరకను ఆనవాలు లేకుండా చెయ్యడం. ఇన్నేళ్లు కాపురం చేశాం, ఒకే మాటకు మా ఇద్దరికీ రెండు అర్థాలున్నాయని ఈ రోజే తెలియాలా! తిట్టడానికి నోరు తెరిచాను. తిట్టు రాలేదు, ఏడుపొచ్చింది. నాన్న లేచేవేళ అవుతోంది.

“తమ్ముడూ, నాన్నను కనిపెట్టుకుని ఉండు. కిటికీ మూసెయ్,” అని కొత్త ఫోనూ వైరూ సంచిలో పడేసుకుని పరిగెత్తాను. కిటికీ ఎందుకంటే, పోయిన నెల ఇలాగే బెదిరి ఒక కాలు బయట పెట్టాడు. మాది మూడో అంతస్తు.

కంప్యూటర్ షాపు మా వీధి చివర, మందుల దుకాణం పక్కనే. ఆ షాపాయన్ని మేమంతా ‘రేపురండి’ అంటాం. ఏది ఇచ్చినా ఆయన నోట్లోంచి వచ్చే మాట అదొక్కటే. దేవుడా, ఈ రోజు కూడా ముట్టుకోకుండా ఉండనీ అని దారిపొడుగునా మొక్కుకున్నాను. నా జీవితంలో ఒక బద్ధకస్తుణ్ణి నమ్ముకోవడం అదే మొదలు.

“మా కంప్యూటర్!” అన్నాను రొప్పుతూ.

“ఈసారి ‘రేపు’ అంటే ఊరుకోనని నిన్న ఫోన్లో అన్ని మాటలన్నారు కదమ్మా,” అన్నాడు రేపురండి రోషంగా. “అందుకే మీదే ముందు మొదలుపెట్టా. పాతదంతా చెరిపి కొత్తది ఎక్కుతోంది. చూడండి, సగం అయిపోయింది!”

బల్ల మీద మా కంప్యూటర్. తెర మీద నీలంగీత మెల్లగా కుడివైపుకు పాకుతోంది. నేనేం ఆలోచించలేదు. గోడలోంచి వైరు పీకేశాను.

“అయ్యయ్యో! ఏంటమ్మా ఇది!”

“అందులో మా నాన్న ఉన్నాడు!” అని అరిచాను. అరిచాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు. అప్పుడు జరిగిందంతా చెప్పాను. ఆయన కోపం చల్లారి తల గోక్కున్నాడు.

“చెరిపేసిన ఫొటో వెంటనే పోదమ్మా. దాని జాగాలో ఇంకోటి వచ్చి కూర్చుంటేనే పోతుంది. సగానికి కొత్తవి వచ్చి కూర్చున్నాయి. మిగిలినవి దొరకొచ్చు, దొరక్కపోవచ్చు.” అలవాటు చొప్పున, “రేపు...” అనబోయి నా ముఖం చూసి ఆగిపోయాడు.

లోపలి డిస్కు ఊడదీసి ఇంకో కంప్యూటర్‌కు తగిలించాడు. వెతికే ప్రోగ్రామ్ పెట్టాడు. ఇద్దరం కళ్లప్పగించి కూర్చున్నాం. చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత ఒకటి వచ్చింది. ఎప్పటిదో కరెంటు బిల్లు. ఇంకొకటి. బూడిదరంగు ముక్క, పైన మాత్రం తలుపు అంచు, నా రిబ్బను. మిగతా నేను లేను.

తమ్ముడు ఫోన్ చేశాడు. “అక్కా, నాన్న లేచాడు. నన్ను ‘మీరు’ అంటున్నాడు.”

“వస్తున్నా. మాట్లాడుతూ ఉండు.”

ఫొటోలు ఒక్కొక్కటే తేలడం మొదలైంది. పేర్లు లేవు, వరస లేదు. బడిసంచితో నేను, దాని తర్వాత చంటిదాన్ని, ఆ తర్వాత అమ్మ దుప్పటిని ఓణీలా చుట్టుకుని నేను. సగం బాగున్నాయి, సగం బూడిద. “వరస ముఖ్యమండీ,” అన్నాను. “చిన్నదాని నుంచి పెద్దదాని దాకా రావాలి. లేకపోతే మా నాన్నకు దారి దొరకదు.” ఏది ముందో ఏది తర్వాతో నేను చెబుతుంటే, రేపురండి అంకెలు వేసుకుంటూ పోయాడు. పెళ్లికి ముందుది వచ్చింది. ఆ తర్వాతిది రాలేదు. ఇంకొంచెం చూడమన్నాను. చూశాడు. నాకు పెళ్లయినప్పటి నుంచి మొన్నటి పుట్టినరోజు దాకా ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆ చోట్లన్నీ కొత్తవి వచ్చి కూర్చున్నాయి.

మళ్లీ తమ్ముడు. “గదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాడక్కా. ఎంత కొట్టినా తియ్యడం లేదు. కిటికీ రెక్క కదులుతున్న చప్పుడవుతోంది.”

“ఇప్పటికి ఉన్నవి ఎక్కించండి!” అన్నాను. వైరు గుచ్చాం. ‘ఈ కంప్యూటర్‌ను నమ్మమంటారా?’ అని అడిగింది ఫోన్. “ఏడ్చావులే, నమ్ము!” అని దాని నెత్తిన ఒకటి నొక్కాను. అది మెల్లగా, తీరిగ్గా ఒక్కో ఫొటో మింగుతుంటే, నేను లేచి నిలబడి వైరు పట్టుకుని కాచుకున్నాను. అయిందనగానే ఊడబెరుక్కుని ఉరికాను.

మా మెట్ల మీద అప్పటికే దీపాలు వేశారు. తమ్ముడు గది తలుపుకు భుజం ఆనించి తోస్తున్నాడు. అది నాన్న స్వయంగా బిగించిన గడియ. ఏనుగు తోసినా రాదు.

“నాన్నా, నేనే! తలుపు తియ్యి!”

“దయచేసి వెళ్లిపోండి,” అన్నాడు లోపల్నుంచి. “మా అమ్మాయి వస్తే గానీ తియ్యను. మీరెవరో నాకు తెలియదండీ.” కిటికీ రెక్క కిర్రుమంది.

కంప్యూటర్ అయితే ఆ గది బయటే ఉండిపోయేది. ఫోన్ పలచగా ఉంది. మొదటి ఫొటో తెరిచి, నేల మీద పడుకుని, తలుపు కింది సందులోంచి లోపలికి తోశాను. వెలుగు కొంచెం గదిలోకి పాకింది. కిటికీ చప్పుడు ఆగింది.

అడుగుల చప్పుడు. ఆయాసపడుతూ వంగడం. నేను చెంప నేలకానించి వింటున్నాను.

“ఇది మా అమ్మాయండీ,” అన్నాడు. “చంటిది.”

తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు. లోపల నాన్న నడక సాగిస్తున్నాడు. పళ్లు ఊడినది. బడిసంచి. ఒకచోట ఆగి, “ఇదేంటి, దీనికి ముఖం లేదు,” అని గొణిగాడు. మళ్లీ సాగాడు. జుట్టు కత్తిరించుకున్న రాక్షసి. పెళ్లికి ముందరి పీలపిల్ల. అక్కడ ఆగిపోయాడు.

“తర్వాతది ఏదండీ?” అన్నాడు తలుపు అవతల్నుంచి. బెదిరిపోయిన మనిషి సాయం అడిగినట్టు అడిగాడు.

పోయాయని చెప్పనా? “తర్వాతది ఇక్కడుంది నాన్నా. తలుపు తీస్తే కనిపిస్తుంది,” అన్నాను.

గడియ కదిలింది. నేను గబగబా లేచాను. తలుపు జానెడు తెరుచుకుంది. ఆ సందులో ఒక కన్ను, దాని కింద ఫోన్. నన్ను పైనుంచి కిందకి చూశాడు. ఆ చూపులో నేను లేను. నాకు ఏడుపు ఆగలేదు. తలుపు మళ్లీ మూస్తాడేమోనని అంగుళం కూడా కదల్లేదు.

“గడప మీద నిలబడండి,” అన్నాడు. “కదలకండి.”

నిలబడ్డాను. తలుపు పూర్తిగా తెరిచి, కెమెరా బొమ్మ నొక్కి, ఫోన్ పైకెత్తాడు. ఫ్లాష్ వెలిగి నా కళ్లు చీకట్లు కమ్మాయి. ఏమీ కనపడని ఆ క్షణంలో నేను పడ్డ భయం పగవాళ్లకు కూడా వద్దు. చూపు తేరుకునేసరికి నాన్న ఫోన్ వైపు వంగి ఉన్నాడు. వేలితో ఒకటి వెనక్కి జరిపాడు. పీలపిల్ల. ముందుకు జరిపాడు. నేను. మళ్లీ వెనక్కి. మళ్లీ ముందుకి.

“ఏమే,” అన్నాడు. “నెత్తిన ఆ పిండేంటే? దులుపుకోకుండా ఫొటోకి నిలబడతారా ఎవరైనా?”

నేను గడప మీదే కూలబడి తన కాళ్లు వాటేసుకున్నాను. “లే, లే, మళ్లీ తీస్తా,” అంటూ నా నెత్తి మీది పిండి తన చేత్తోనే దులిపాడు. రెండోది తీశాడు. ఈసారి తృప్తిగా చూసుకుని, ఫోన్ నా చేతిలో పెట్టాడు.

“మొదటిది బాగా రాలేదే చిటపటా. అది తీసెయ్.”

“తీసెయ్యను నాన్నా,” అన్నాను. “ఉండనీ.”