రాగి బిందెలో సముద్రం

తిరుపతికి కొండ ఉంది, కోనేరు ఉంది, సముద్రం మాత్రం లేదు. అటువంటి ఊళ్లో కూర్చుని ఆక్టోపస్ మీద పరిశోధన చేస్తానని సారంగపాణి బయలుదేరితే నవ్వనివాడు పాపాత్ముడు. అది పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిది. ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చున్నా, యూనివర్సిటీ ల్యాబులోని ఆ వెనకగది వాసన తలుచుకుంటే చాలు, అతనికి ప్రాణం లేచి వస్తుంది. ఉప్పునీళ్లు, నాచు, ఫార్మలిన్, కిటికీలోంచి వచ్చే వేపపూల గాలి. ఎంత మంచి రోజులవి!

గుడి కైంకర్యం చేసే ఇంట్లో పుట్టినవాడు. ఇక్కడేమో తొట్టిలో పెంచే ఆక్టోపస్‌కు పీతలు మేపాలి. పీతల్ని కోసిపెట్టే పని అటెండర్ మునిరత్నమ్మ తీసుకుంది గానీ, చేత్తో అందించేది ఇతనే. సాయంత్రం ఇంటికొస్తే తల్లి సుందరవల్లి పెరట్లో రెండు బక్కెట్ల నీళ్లు పెట్టి ఉంచేది. తలస్నానం అయ్యేదాకా గడప తొక్కనిచ్చేది కాదు. కానీ అన్నం పెడుతూ, "ఎట్లుండాదిరా నీ ఎనిమిది చేతులది?" అని అడక్క మానేది కాదు.

ఆ జీవి చేతులతోనే రుచి చూస్తుంది. సారంగపాణి పని అదే. కాల్చిన మట్టిబిళ్లలు రెండు. ఒకటి చింతపండు పులుసులో నానినది, రెండోది ఉత్తది. ఉత్తది పట్టుకుంటే పీతముక్క దొరుకుతుంది, పుల్లది పట్టుకుంటే ఏమీ దొరకదు. పది రోజుల్లో నేర్చేసుకుంది. చేతి కొస ఒక్కటి తగిలించి, చేదుమందు తోసేసే పసిపిల్లలా పుల్లబిళ్లను తోసేసేది. ఇక తేలవలసింది ఒక్కటే. నెలరోజులు బిళ్లలు చూపకుండా ఉంచితే నేర్చినది గుర్తుంటుందా? రెండేళ్ల చాకిరీ, థీసిస్సు, అన్నీ ఆ ముప్పయ్యో రోజు మీదే వేలాడుతున్నాయి.

"గుర్తు లేకుండా యాడికి పోతాది సారూ? నన్ను సూస్తే దగ్గరికొస్తాది, నిన్ను సూస్తే మొగాన నీళ్లు చిమ్ముతాది. దానికి మనిషి బాగా తెల్సు," అనేది మునిరత్నమ్మ.

వారం వారం పులికాట్ అవతల సముద్రం దాకా పోయి, ప్లాస్టిక్ డబ్బాల్లో నీళ్లు మోసుకొచ్చేవాడు. ఇరవై నాలుగో రోజున, శ్రీకాళహస్తి బస్టాండులో డబ్బాలు రెండూ బస్సు టాపు మీదినుంచి జారిపడి పగిలాయి. సముద్రమంతా బస్టాండు పాలైంది. అతను వట్టి చేతులతో ఇల్లు చేరాడు. తొట్టిలో నీళ్లు ఇక రెండు రోజులకు మించి పనికిరావు.

సుందరవల్లి సంగతి విని లోపలికి పోయింది. పూజకు నీళ్లు పట్టే రాగి బిందె తెచ్చి ముందు పెట్టింది.

"అమ్మా, ఇది పెరుమాళ్ళ బిందె కదా!"

"అయితేనేం? సముద్రమంటే సకల తీర్థాలూ కలిసేచోటు. దానికి మైల యాడిది? రాగి శుద్ధమైంది. కంచిలో పెరుమాళ్ళకు మాత్రం ఎనిమిది చేతులు లేవా? తీసుకపో నాయనా."

రెండు బక్కెట్ల స్నానం చేయించిన మనిషి ఆ మాట అనేసరికి సారంగపాణి కళ్లు చెమ్మగిల్లాయి. బుద్ధి పనిచేయలేదు. చేసిన కాస్తా పెడదారే పట్టింది: ఆక్టోపస్ నెత్తుట్లోనే రాగి ఉందిగా, నీలంగా ఉండేది అందుకేగా, రాగి దాన్నేం చేస్తుంది అనుకున్నాడు. మర్నాడే పోయి నీళ్లు తెచ్చి తొట్టిలో పోశాడు.

తెల్లారేసరికి అది పాలిపోయి అడుగున పడి ఉంది. చేతులు పట్టు వదిలేశాయి. మునిరత్నమ్మ వేలు అందించినా ముడుచుకోలేదు.

"నిన్న పోసిన నీళ్లల్లోనే ఏందో ఉండాది సారూ," అంది ఆమె, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.

లైబ్రరీకి పరుగెత్తాడు. పుస్తకంలో ఒకే ఒక్క వాక్యం: నీళ్లలో రాగి రవ్వంత కరిగినా ఇవి బతకవు. ముప్పయ్యో రోజుకు ఇంకా నాలుగు రోజులుంది. గది తలుపేసుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడ్చి లేచాక ఒక్కటే అనుకున్నాడు. థీసిస్సు పోతే పోయింది, అమ్మకు మాత్రం ఇది తెలియకూడదు.

"ఎట్లుండాదిరా?" అని ఆ రాత్రి ఆమె అడిగింది.

"బాగుండాదమ్మా," అన్నాడు.

నాలుగు రోజులు గడిచాక, గుర్తుపెట్టుకునిందా అని అడిగింది. పెట్టుకునిందన్నాడు. ఇంకోదాంతో కూడా చేసి చూపించమని గైడు అంటున్నాడని ఓ అబద్ధం కలిపాడు.

ఇంకోదాన్ని పట్టి తేవడం, మళ్లీ మొదట్నుంచీ నేర్పడం. ఏడాదిన్నర పట్టింది. ప్రతి శనివారం పొద్దున్నే సుందరవల్లి రాగి బిందె గడప దగ్గర పెట్టేది. అతను మారుమాట లేకుండా ఎత్తుకుని, వెనక వీధిలో మునిరత్నమ్మ ఇంట్లో దాచి, కొత్త డబ్బాలతో సముద్రానికి పోయేవాడు. తిరిగొస్తూ బిందె తీసుకుని, నీళ్లతో కడిగి అమ్మకిచ్చేవాడు. మునిరత్నమ్మ నవ్వేది గానీ, ఎవరికీ చెప్పలేదు.

రెండోది ముప్పయ్యో రోజున పుల్లబిళ్లను తోసేసింది. ఆ కబురు పట్టుకుని సారంగపాణి సైకిలు తొక్కుతూ ఇంటికొచ్చాడు. సుందరవల్లి పెరట్లో బిందె తోముతూ ఉంది. అంతా విని, తల ఊపి, నెమ్మదిగా అంది:

"తొలిదాన్ని చంపింది నా బిందే కదరా."

అతను సైకిలుకు స్టాండు వేసి ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఆ తూరి నువ్వు తెచ్చిచ్చినప్పుడు లోపలంతా పచ్చగా చిలుం పట్టింది. రెండు దినాలు తోమినా పోలేదు. ఆ తర్వాత ఒక్క తూరి కూడా చిలుం లేదు. ఏటేటా ఊరగాయ పెట్టేదాన్ని, రాగిలో ఉప్పు పొయ్యకూడదని నాకు తెలీదా? ఆ పొద్దు నీ మొగం చూసి అన్నీ మరిచిపోయినాను."

"తెలిసీ... మరి ప్రతి శనివారం ఎందుకు ఇచ్చినావమ్మా?"

"ఇయ్యకపోతే నాకు తెలిసిపోయిందని నీకు తెలిసిపోదా నాయనా?" అంది సుందరవల్లి, బిందె కడిగి బోర్లిస్తూ.