మెరక తోలిన బండి

నేను ఒక తోపుడు బండిని. ఆ మాట వినగానే జామకాయలో బొప్పాయి ముక్కలో గుర్తొచ్చి మీ నోట్లో నీళ్లూరితే మింగేయండి. నేను మోసింది చెత్త. పశ్చిమ ఆఫ్రికాలో, బెనిన్ దేశపు కొటోనూ నగరంలో, సరస్సు ఒడ్డున ఉన్న ఒక పల్లపు పేటలో ఏడేళ్లు మోశాను. మనుషుల మీద నాకు గౌరవం లేదు. వాళ్ల ఇళ్లలోంచి ఏమేం బయటికొస్తాయో మీకంటే నాకు బాగా తెలుసు.

నా పుట్టుకా గొప్పదేం కాదు. ఐరోపాలో ఎవరో తోలి తోలి వదిలేసిన కార్లు ఓడలెక్కి మా రేవులో దిగుతాయి. ఇక్కడ కూడా పనికిరాకుండా పోయిన ఒక కారు ఇరుసు, దాని రెండు చక్రాలు, సామాను పెట్టెల పలకలు పోగేసి ఒక వెల్డింగు మేస్త్రీ ఒక్క పూటలో నన్ను నిలబెట్టాడు. మొదట్లో పెద్ద బజారులో పెండలం దుంపలు మోశాను. ఆ రెండేళ్లే నేను మర్యాదగా బతికింది. తర్వాత ఒక పథకం వాళ్లు నన్ను కొన్నారు. నగరం వరదలకు తట్టుకుని నిలబడాలట, పచ్చగా ఉండాలట. నగరం సంగతి తర్వాత, ముందు నాకు పచ్చరంగు వేశారు. టోపీలు పంచుకుని, నా చుట్టూ చేరి ఫొటోలు దిగి, సాగ్బో అనే మనిషికి నన్ను అప్పగించారు. ఇంటింటికీ తిరిగి చెత్త ఎత్తాలి, రోడ్డు చివర లారీ ఆగే చోట కుమ్మరించాలి. అదీ ఏర్పాటు.

లారీ రెండు నెలలు వచ్చింది. ఆ తర్వాత దాని మొహం ఎవరూ చూడలేదు. నిండిన బండితో ఎక్కడికి పోవాలో తెలియక సాగ్బో సందుల్లో తిరుగుతుంటే, ఇళ్లవాళ్లే పిలవడం మొదలుపెట్టారు. మా వాకిట్లో పొయ్యి అంటే మా వాకిట్లో పొయ్యి అని పోటీ. పల్లపు పేటలో ప్రతివాడికీ మెరక కావాలి. ఇసుక తోలించుకునే స్తోమత అందరికీ ఎక్కడిది? చెత్త పరిచి, పైన బెత్తెడు ఇసుక చల్లి, కాళ్లతో తొక్కితే చూడ్డానికి వాకిలే. కింద చేప ముళ్లూ, ప్లాస్టిక్ సంచులూ, తెగిన చెప్పులూ. వాకిలి ఎత్తయితే వాననీళ్లు మాయమైపోవు, పక్కింట్లోకి పోతాయి. ఆ సంగతి వాళ్లకు తెలియదనుకునేరు. బాగా తెలుసు.

ఆ సందు చివర అగోసూ, ఆకువావీ ఇరుగుపొరుగు. అగోసూ తాపీమేస్త్రీ. ఆకువావీ భర్త పోయిన మనిషి. మొక్కజొన్న పిండి పులియబెట్టి, ఉడికించి, ఆకుల్లో ముద్దలు చుట్టి అమ్ముతుంది. అకాసా అంటారు దాన్ని. ఒక గది, గది ముందు ఒక పొయ్యి, అంతకుమించి ఆమెకేమీ లేదు. రెండిళ్ల మధ్య ఒకప్పుడు పిల్లకాలువ ఉండేది. సందులో పడ్డ వానంతా దాంట్లోంచే సరస్సులోకి పోయేది. అగోసూ కాలువ నడుమ గోడ లేపాడు. అటు సగం ఆయన పూడ్చుకున్నాడు, ఇటు సగం ఆమె పూడ్చుకుంది. జీవితంలో ఇద్దరూ సఖ్యంగా చేసిన పని అదొక్కటే.

ఆ మరుసటేడు అగోసూ తన వాకిలి జానెడు లేపాడు. మొదటి వానకే ఆకువావీ గోడ దగ్గరికొచ్చింది.

"ఫోఫో, మీ వాకిట్లో నీళ్లన్నీ నా పొయ్యిలోకొస్తున్నాయి. నేనేం వండుకోను?" అంది. అక్కడ ఫోఫో అంటే అన్న.

"నీళ్లకు దారి నేను చెప్పానా? నువ్వూ మెరక తోలించుకో. ఎవరొద్దన్నారు?" అన్నాడు అన్న.

తోలించుకుంది, ఆయన కంటే బెత్తెడు ఎక్కువే. ఆయన మళ్లీ లేపాడు, ఆమె మళ్లీ లేపింది. పొద్దున ఆయన వాకిలికి, మధ్యాహ్నం ఆమె వాకిలికి, మధ్యలో నేను. ఆమె పారేసిన ఆకులు ఆయన కాళ్ల కిందికి, ఆయన పారేసిన సిమెంటు సంచులు ఆమె కాళ్ల కిందికి చేర్చాను. నోరుంటే ఇద్దరినీ కడిగేసేదాన్ని. అయిదేళ్లలో వాకిళ్లు గడపల్ని మింగేశాయి. అగోసూకి చేతిలో పని ఉంది కాబట్టి పైకప్పు విప్పి, గోడలు లేపి, కొత్త నేల వేసుకున్నాడు. ఆకువావీ గది మాత్రం గొయ్యిలా కిందే ఉండిపోయింది. సొంత ఇంట్లోకి నడుం వంచి, మెట్టు దిగి పోవాల్సి వచ్చేది.

కిందటి వానాకాలం ఆ గదిలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. పిండి కుండ తేలుకుంటూ పోయి తలుపుకి కొట్టుకుంది. గోడలు నాని ఉబ్బాయి. ఇంకొక్క వానాకాలం ఇలాగే గడిస్తే గది కూలుతుందని ఆమెకు అర్థమైంది.

సరిగ్గా అప్పుడే పథకం వాళ్లు మళ్లీ దిగారు. ఈసారి టోపీల్లేవు. ఎస్తెల్ అనే ఇంజనీరు పిల్ల మూడు కాళ్ల పరికరం పెట్టుకుని రెండు రోజులు కొలిచింది. పాత కాలువ తెరిస్తే సందంతా ఆరుతుందని తేల్చింది. గోడకు ఇటు రెండు మూరలు, అటు రెండు మూరలు పాత నేలదాకా తవ్వాలి. "ఇద్దరూ ఈ వారంలోనే తవ్వేయండి. సోమవారం మా మనుషులొచ్చి గోడ తీసేస్తారు" అంది. తవ్వుతామని రాసిన కాగితం మీద ముందు సంతకం పెట్టింది అగోసూయే. ఎంత పెద్దమనిషో!

ఆకువావీ మర్నాడే పలుగు పట్టింది. తన చేత్తో పోయించుకున్న మెరకని తనే తవ్వుకుంది. ఆ కంపుకి ముక్కుకి గుడ్డ కట్టుకుని, వంగి, లేచి, మళ్లీ వంగి, నాలుగు రోజులు. అగోసూ గోడ పక్క కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పార ముట్టలేదు. ఆమె తవ్విన చెత్త నాలో నింపుకుని సాగ్బో సందులోకి రాగానే చెయ్యి ఊపి పిలిచాడు.

"ఎక్కడికి మోసుకుపోతావ్? ఇక్కడే పొయ్యి, గోడవారగా."

సాగ్బో చదువుకోలేదు కానీ కళ్లున్నవాడు. "మేస్త్రీ, అటేమో ఖాళీ అయిపోతోంది, ఇటేమో బరువు. గోడ ఆగుతుందంటావా?" అన్నాడు.

"గోడ నాది. ఆగితే ఆగుతుంది, పడితే పడుతుంది. పడితే ఎటు పడుతుందో నీకు నేను చెప్పాలా?"

ఇన్నేళ్లూ ఆ గోడని నిలబెట్టింది సిమెంటు కాదు. అటు ఆయన చెత్తా, ఇటు ఆమె చెత్తా చెరోవైపు నుంచి ఒత్తి నిలబెట్టాయి. తాపీమేస్త్రీకి అది తెలుసు. సాగ్బోకి ఇప్పుడు తెలిసింది. గోడకు ఆ పక్కనే ఆమె ఉంది, కేకేస్తే పలికేంత దూరం. సాగ్బో పెదవి కదపలేదు. నన్ను ఎత్తి అక్కడే కుమ్మరించాడు. ఆ రోజు నా చక్రం విరిగిపోయి ఉంటే ఎంత బాగుండేది! విరగలేదు. పదకొండు బండ్లు పోశాం.

శనివారం మధ్యాహ్నం వాన పట్టుకుంది. గంట తిరక్కుండానే గోడ పొట్ట ఉబ్బి, ఆమె తవ్విన గుంటలోకి ఒరిగింది. ఏడేళ్ల చెత్త దాని వెనకే దూకి ఆకువావీ గదిని పడగొట్టింది. ఆమె బజారులో ఉండబట్టి బతికింది. తిరిగొచ్చేసరికి గది లేదు, పొయ్యి లేదు, కుండలు లేవు. తలమీద గంప దించడం కూడా మరిచి నిలబడిపోయింది.

అగోసూ వానలోనే పైనుంచి అరిచాడు. "చూశారా జనమా! తవ్వొద్దు తవ్వొద్దని నెత్తీ నోరూ కొట్టుకున్నా. నా గోడ కూల్చింది!"

జనం ఆయన మాట విన్నారో లేదో కానీ నీళ్లని మాత్రం చూశారు. సందులో నిలిచిన నీళ్లన్నీ కూలిన గది మీదుగా సరస్సులోకి పోతున్నాయి. సాయంత్రానికి సందు ఆరిపోయింది. ఎన్నాళ్లకెన్నాళ్లకని ఆడవాళ్లు చాపలు పరుచుకుని వాకిట్లో కూర్చున్నారు. అటువైపు చూడకుండా కూర్చున్నారు.

సోమవారం ఎస్తెల్ వచ్చి చూసింది. ఆకువావీ చెయ్యి పట్టుకుని, "తాంతీ, మీరు సరైన పనే చేశారు" అంది. తాంతీ అంటే పిన్ని.

"సరైన పని నేనొక్కదాన్నే చేశానమ్మా. ఇల్లు పోవడానికి అది చాలు."

నీళ్లు ఎలాగూ దారి చేసుకున్నాయి కదా అని గది ఉన్న చోటే కాలువ కట్టారు. సిమెంటు పూశారు, బోర్డు పెట్టారు, ఫొటోలు దిగారు. జారిపోయిన తన వాకిలి పూడ్చుకోవడానికి అగోసూ మళ్లీ సాగ్బోనే పిలిచాడు. ఈసారి నేను మోసింది ఆకువావీ గది. ఆ ఇటుకలూ, ఆ పెంకులూ. మూడో బండికి ఆ వాకిట్లోనే నా ఇరుసు రెండు ముక్కలైంది.

"దీన్నెందుకు ఈడుస్తావ్? ఉండనీ, దీంతోనే పూడ్చేద్దాం" అన్నాడు మేస్త్రీ. సాగ్బో నా చక్రాలు ఊడదీసుకుని వెళ్లిపోయాడు. అప్పట్నుంచి ఇక్కడే, ఆయన గుమ్మం ముందు, బెత్తెడు ఇసుక కింద ఉన్నాను.

ఆకువావీ ఇప్పుడు చెల్లెలి ఇంట్లో ఉంటోంది. మొన్న సందులోకి వచ్చి అకాసా అకాసా అని అరిచింది. అగోసూ పెళ్లాం ఊళ్లో లేదు, పొయ్యి వెలగలేదు. ఆయన వాకిట్లోకొచ్చి, నా మీద నిలబడి పిలిచాడు.

"ఆకువావీ! నాలుగు ముద్దలు పైకి తెచ్చిపెట్టు."

ఆమె గంపతో అలాగే ఆగింది. "నేనెక్కను. కావాలంటే నువ్వే దిగు."

చాపల మీద ఆడవాళ్లు మాటలాపి చూస్తున్నారు. దిగడానికి మూడు మెట్లు. ఆయన చాలాసేపు నిలబడ్డాడు. ఒక మడమ లేచింది, మళ్లీ నా మీదే దిగింది. చివరికి వెనక్కి తిరిగి లోపలికి పోయాడు. ఆమె ఎదురింటివాళ్లకు ముద్దలు అమ్మి, గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆమె పోగొట్టుకున్నదాని ముందు ఇదొక శిక్షే కాదు. అయినా ఆ పూట ఆయన పస్తున్నాడు. నాకు చాలా సంతోషం వేసింది.